ఆమ్‌స్టర్‌డామ్ కాలవగట్ల మీద ఒక బందరువాడు



ఈ వారం చరిత్ర ప్రసంగం నన్ను చెయ్యమన్నారు. ముందుగానే ఒక మాట చెప్పుకోవాలి. నేను చరిత్రకారుణ్ణి కాను. లండన్‌లో కంప్యూటరు ముందు కూర్చుని సాయంత్రానికి రైలెక్కి ఇల్లు చేరే వేలమంది తెలుగువాళ్ళలో ఒకణ్ణి. పుట్టి పెరిగింది మచిలీపట్నంలో. మా ఊరివాళ్ళం దాన్ని బందరు అనే అంటాం. మా ఊరి పేరు చెప్పగానే ఎవరైనా లడ్డూ సంగతే ఎత్తుతారు. నేనూ నలభై ఏళ్ళపాటు అంతకన్నా ఎక్కువ పట్టించుకోలేదు. పోయిన వేసవిలో హాలండ్‌లో మూడు గంటలు కాలినడకన తిరిగాక నాకు మా ఊరు కొత్తగా కనబడింది. ఆ సంగతే ఇవాళ మీతో పంచుకుంటాను.

మా అమ్మాయికి పదిహేనేళ్ళు. బడిలో చరిత్ర చదువుతోంది. సెలవులకి ఎక్కడికి వెళదామంటే ఆమ్‌స్టర్‌డామ్ అంది. అక్కడ కాలవల నగరాన్ని నడిపించి చూపించే టూర్లు చాలా ఉంటాయి. మేం ఎంచుకున్నదాంట్లో పన్నెండుమందిమి. గైడు ఒక పెద్దావిడ, బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. చేతిలో ఎర్ర గొడుగు. వాన లేకపోయినా గొడుగు పైకెత్తి పట్టుకుని నడుస్తుంది, మనం తప్పిపోకుండా.

నడక డామ్ కూడలిలో మొదలైంది. ఊరి పేరులోనే ఊరి పుట్టుక ఉంది. ఆమ్‌స్టెల్ అనే నదికి అడ్డంగా కట్టిన కట్ట, అంటే డామ్, దాని చుట్టూ పుట్టిన పల్లె ఇది. మొదటిసారి ఈ పేరు 1275 నాటి ఒక పన్ను మినహాయింపు పత్రంలో కనిపిస్తుంది. ఆ లెక్కన 2025లో 750 ఏళ్ళ పండగ చేసుకున్నారు. నేల అంతా చిత్తడి, మెత్తటి పీట్ మట్టి. గట్టి ఇసుక పొర తగలాలంటే సుమారు పన్నెండు మీటర్లు దిగాలి. అందుకని స్కాండినేవియా, బాల్టిక్ తీరాల నుంచి మాన్లు తెచ్చి, తలకిందులుగా నేలలోకి దిగ్గొట్టి, వాటి మీద ఇళ్ళు కట్టారు. నీటిమట్టం కింద మునిగి ఉన్నంతకాలం ఆ కొయ్య పాడవదు. నీరు తగ్గి గాలి తగిలిందా, కుళ్ళడం మొదలెడుతుంది.

కూడలిలో ఉన్న పెద్ద రాతి భవనం ఇప్పుడు రాజభవనం. కట్టింది మాత్రం రాజు కోసం కాదు, పురపాలక సంఘం కోసం. యాకోబ్ వాన్ కాంపెన్ అనే శిల్పి నమూనాతో 1648లో మొదలుపెట్టి 1655లో ప్రారంభించారు. 1808లో నెపోలియన్ తమ్ముడు లూయీ దాన్ని రాజభవనంగా మార్చుకున్నాడు. దాని కింద 13,659 దుంగలున్నాయి. ఇంత అంకె ఎలా గుర్తుంటుందని మా అమ్మాయి అడిగితే, అక్కడి పిల్లలకి బడిలో నేర్పే చిట్కా చెప్పిందావిడ. ఏడాదికి 365 రోజులు కదా, ముందు ఒకటి, వెనక తొమ్మిది పెట్టుకోవడమే. మాకూ అలాగే గుర్తుండిపోయింది.

భవనం చుట్టూ తిరిగి వెనకవైపుకు వెళ్ళాం. పైన ముక్కోణపు గోడ మీద పాలరాతి శిల్పాలున్నాయి. ఆమ్‌స్టర్‌డామ్ నగరాన్ని ఒక స్త్రీగా కూర్చోబెట్టి, నాలుగు ఖండాలూ ఆమెకు కానుకలు తెచ్చి సమర్పిస్తున్నట్టు చెక్కారు. ఆసియా కూడా అందులో ఉంది, చేతిలో కానుకలతో. "అంటే మనం కూడానా నాన్నా?" అని మా అమ్మాయి చెవిలో అడిగింది. "అలాగే ఉంది," అన్నాను. అప్పటికి అంతకన్నా ఏం చెప్పాలో తోచలేదు.

అక్కణ్ణించి పడమటికి నడిస్తే కాలవలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. మొదటిది సింగెల్. ఇది పాత ఊరి చుట్టూ ఉన్న కందకం. దాన్ని దాటాక మూడు పెద్ద కాలవలు, అర్ధచంద్రాల్లా ఒకదాని చుట్టూ ఒకటి. హేరెన్‌గ్రాఖ్ట్ అంటే దొరల కాలవ. కైజర్స్‌గ్రాఖ్ట్ అంటే చక్రవర్తి కాలవ. ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ అంటే రాకుమారుడి కాలవ. వీటి తవ్వకం 1613లో మొదలైంది. 1660 తర్వాత ఆమ్‌స్టెల్ నది వైపుకీ, దాన్ని దాటీ పొడిగించారు. 1600 నాటికి అరవై వేలకు అటూ ఇటూగా ఉన్న జనాభా, వందేళ్ళు తిరిగేసరికి రెండు లక్షలు దాటింది. ఆ జనానికి చోటు కావాలి, సరుకుల పడవలకి దారి కావాలి, చిత్తడి నేలలో నీరు పోవాలి. మూడు పనులకీ ఒకటే తవ్వకం. కాలవలోంచి తీసిన మట్టినే గట్ల మీద పోసి ఇళ్ళస్థలాలు ఎత్తు చేశారు. ఈ కాలవల వలయాన్ని 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది.

నేను పెరిగింది కూడా కాలవగట్టునే. కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయ్యాక బెజవాడ నుంచి మా ఊరికి వచ్చిన బందరు కాలవ మీద ఒకప్పుడు పడవలు నడిచేవని మా తాతయ్య చెప్పేవాడు. అందుకే ఆవిడ కాలవ గురించి చెబుతుంటే నాకు సొంత విషయం విన్నట్టే ఉంది.

కాలవ పక్కన ఇళ్ళు చూడాలి. ముందువైపు వెడల్పు తక్కువ, లోపలికి మాత్రం ఎంతో లోతు. నీటి ఒడ్డున జాగా ఖరీదు కదా. మెట్లు నిచ్చెనలంత ఇరుకు. అందుకే ప్రతి ఇంటి నెత్తిన ఒక దూలం బయటికి పొడుచుకొచ్చి, దాని కొనకు కొక్కెం ఉంటుంది. దానికి కప్పీ, తాడు కట్టి బీరువాలూ మంచాలూ కిటికీల్లోంచి లోపలికి లాగుతారు. ఇప్పటికీ ఇల్లు మారేవాళ్ళు అలాగే చేస్తున్నారు. కొన్ని ఇళ్ళ ముఖాలు కాస్త ముందుకు వంగి ఉంటాయి. పైకి లాగే బరువు గోడకి కొట్టుకోకుండా కావాలనే అలా కట్టారట. మరికొన్ని పక్కలకి వాలి ఉన్నాయి. అది కావాలని కాదు, కింద దుంగలు కుళ్ళడం వల్ల.

ఆ దూలాలకు అసలు పని సరుకు. చాలా ఇళ్ళలో కింద కాపురం, పై అటకలన్నీ గిడ్డంగి. "ఈ అటకల్లో ఏముండేది?" అని గైడే అడిగి, తనే జవాబు చెప్పింది. మిరియాలు, లవంగాలు, జాజికాయ, జాపత్రి, దాల్చినచెక్క. తూర్పు నుంచి ఓడలు వచ్చిన రోజుల్లో వీధులన్నీ ఘుమఘుమలాడేవట. 1602 మార్చి 20న పుట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీ, వాళ్ళ భాషలో పొట్టిగా వి.ఓ.సి., సుమారు 64 లక్షల గిల్డర్ల మూలధనంతో మొదలైంది. అందులో సగానికి మించి ఆమ్‌స్టర్‌డామ్ వాళ్ళు పెట్టిందే. వ్యాపారులే కాదు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు కూడా వాటాలు కొన్నారు.

ఇంతలో మా అమ్మాయి చెయ్యెత్తింది, క్లాసులో ఎత్తినట్టు. "మరి ఆ సుగంధ ద్రవ్యాలు వాళ్ళు ఏమిచ్చి కొన్నారు?"

గైడు ఒక క్షణం ఆగి, "వెండి ఇచ్చి," అంది. మళ్ళీ తనే, "అంటే, అంతా వెండి కాదు. ఇండియా బట్టలు కూడా," అని కలిపింది. వెంటనే గొడుగెత్తి వంతెన దాటడానికి కదిలింది. మా అమ్మాయి నావైపు చూసింది. ఆ ప్రశ్నకి జవాబు కొంచెం నాకు తెలుసు. ప్రయాణానికి ముందు సరదాకి నాలుగు పుస్తకాలు తిరగేశాను కనక. వంతెన మీద నడుస్తూ చెప్పాను. మీకు కొంచెం వివరంగా చెబుతాను.

జాజికాయ, లవంగం దొరికే దీవులు ఇప్పటి ఇండోనేషియాలో తూర్పు చివర ఉన్నాయి. అక్కడివాళ్ళకి యూరపు సరుకుతో పని లేదు. వాళ్ళకి కావలసింది నూలుబట్ట, అందులోనూ మన తీరంలో నేసి అద్దిన బట్ట. డచ్చివాళ్ళు రాకముందు ఎన్నో తరాలుగా ఆ బట్టకి అలవాటు పడ్డారు. ఎర్రరంగు ఏది, అంచు ఏది, ఏ దీవిలో ఏ పూవు చెల్లుతుందో కూడా వాళ్ళు పట్టించుకునేవారు. కాబట్టి డచ్చివాళ్ళు వెండీ బంగారమూ తెచ్చి మన తీరంలో బట్ట కొని, ఆ బట్ట దీవుల్లో ఇచ్చి లవంగాలూ జాజికాయలూ తీసుకుని, వాటిని ఇక్కడ ఈ అటకల్లోకి ఎక్కించేవాళ్ళు. కంపెనీ ఉద్యోగి హెండ్రిక్ బ్రౌవర్, తర్వాత గవర్నర్ జనరల్ అయినవాడు, 1612లోనే ఈ సంగతి రాశాడు. కోరమాండల్ తీరం ఆ సుగంధ ద్రవ్యాల దీవులకి ఎడమచెయ్యి లాంటిదని, ఈ బట్ట లేకపోతే అక్కడ వ్యాపారం చచ్చినట్టేనని ఆ మాటల భావం.

ఆ తీరంలో వాళ్ళు ముందుగా కాలు పెట్టిన చోట్లలో మా ఊరొకటి. 1605లో డచ్చి ఓడ మచిలీపట్నం రేవుకు వచ్చింది. 1606లో గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా నుంచి వ్యాపారానికి ఫర్మానా తెచ్చుకున్నారు. హైదరాబాదులో చార్మినారు కట్టించిన సుల్తాను ఈయనే. ఆ తర్వాత నిజాంపట్నం, పులికాట్, పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నం, ఇటు ఖమ్మం వైపు నాగులవంచ, ఇలా మన ప్రాంతమంతటా వాళ్ళ కొట్లు వెలిశాయి. కంపెనీ సాలెవాడి గడప తొక్కేది కాదు. ఊరి వర్తకుడికి ముందుగా బయానా ఇచ్చేది. అతను కొంత మిగుల్చుకుని సాలెవాడికిచ్చేవాడు. బట్ట నాణ్యాన్ని పుంజాల్లో కొలిచేవాళ్ళు. పడుగులో 120 పోగులు ఒక పుంజం. ఎన్ని పుంజాలుంటే అంత చిక్కన, అంత ఖరీదు. ఎర్రరంగుకి చిరివేరు కావాలి. నిజాంపట్నం చుట్టుపక్కల ఇసుకనేలల్లో దొరికే చిరివేరుకి పెద్దపేరు.

ఈ విషయాలన్నీ చెబుతూ ఉంటే నాకే ఒక సంగతి తట్టింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఈ కాలవల తవ్వకం మొదలైంది 1613లో. పులికాట్‌లో డచ్చివాళ్ళు గెల్డ్రియా కోట కట్టుకున్నది కూడా 1613లోనే. ఇక్కడ పారలతో మట్టి తీస్తున్న ఏడే అక్కడ ఇటుక పేర్చారు. రెండు పనులకీ డబ్బు ఒకే సంచిలోంచి వచ్చిందని నేననను. కాలవల ఖర్చులో బాల్టిక్ ధాన్యం వ్యాపారానిదీ, ఓడల తయారీదీ పెద్ద పాలు. తూర్పు వ్యాపారం అందులో ఒక భాగమే. కానీ ఆ భాగానికి మన మగ్గం లేకపోతే చెయ్యి లేదు. టూరులో మిరియాల వాసన వచ్చింది. మగ్గం చప్పుడు మాత్రం ఎక్కడా వినిపించలేదు.

ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ దాకా వెళ్ళి, పడమటి చర్చి గోపురం చూసి, రెంబ్రాంట్‌ను 1669లో పూడ్చింది అక్కడేనని విని, మళ్ళీ దొరల కాలవకి తిరిగొచ్చాం. అక్కడ ఒక వంపు ఉంది. దాన్ని బంగారు వంపు అంటారు. రెండేసి జాగాలు కలిపి కట్టిన భవనాలవి, అంతా రాతిముఖాలు. కొంచెం ముందుకు వెళ్ళాక 502 నంబరు ఇంటి ముందు గైడు గొడుగు దించేసింది. అది నగర మేయరు అధికార నివాసం. 1672లో ఆ ఇల్లు కట్టించుకున్నది పౌలుస్ గోడిన్ అనేవాడు. అట్లాంటిక్ వైపు వ్యాపారం చేసే వెస్టిండియా కంపెనీలో డైరెక్టరు, బానిసల వ్యాపారి. ఆ సంగతి చెబుతూ ఇప్పుడు ఇంటి ముందు ఒక ఫలకం పెట్టారు.

ఆవిడ గొంతు అక్కడ మారింది. "ముప్పై ఏళ్ళు బడిలో మా స్వర్ణయుగం అని పాఠం చెప్పాను. ఈ ఇంటిగురించి ఒక్క మాట చెప్పలేదు. మా పుస్తకంలో లేదు, నేను వెతకలేదు," అంది. 2021 జూలై 1న మేయరు ఫెమ్కె హాల్సెమా నగరం తరఫున క్షమాపణ చెప్పిందని, 2023లో అదే తేదీన రాజు విలెమ్ అలెగ్జాండర్ కూడా చెప్పాడని వివరించింది. జూలై 1 ఎందుకంటే, 1863లో సురినామ్‌లోనూ కరీబియన్ దీవుల్లోనూ బానిసత్వం రద్దయిన రోజది. క్షమాపణకి ముందు నగరం పరిశోధన చేయించిందని, అందులో అట్లాంటిక్ వైపే కాక తూర్పువైపు బానిసత్వం కూడా ఉందని చెప్పింది.

తూర్పువైపు అన్నమాట వినేసరికి నాకు గుండె ఒకసారి ఝల్లుమంది. బట్ట సంగతి గర్వంగా చెప్పుకున్నాను కదా. పుస్తకాల్లో దాని పక్కనే ఉన్న ఇంకో సంగతి మా అమ్మాయికి చెప్పకుండా దాటేశాను. మన తీరం నుంచి డచ్చి ఓడల్లో వెళ్ళింది బట్ట ఒక్కటే కాదు. మనుషులు కూడా. 1620ల నుంచి పులికాట్ మొదలైన రేవుల నుంచి వేలమందిని బానిసలుగా బటావియాకి, అంటే ఇప్పటి జకార్తాకి, తీసుకుపోయారు. 1646లో ఒక్క ఏడాదిలోనే రెండువేలమందికి పైగా. అందులో ఎక్కువమంది తమిళదేశపు తీరం వాళ్ళు. కరువు వచ్చిన ఏళ్ళల్లోనూ, యుద్ధాలు జరిగిన ఏళ్ళల్లోనూ ఈ అంకెలు పైకి లేచేవి. తిండి లేక కన్నవాళ్ళే పిల్లల్ని అమ్ముకున్న కాలం. కొన్నది డచ్చివాడే. కానీ పిల్లల్ని ఊళ్ళనుంచి పోగుచేసి రేవుకి తోలినవాళ్ళు మన దళారులు. సొమ్ము చేసుకున్నవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. మన చరిత్ర చెప్పుకునేటప్పుడు మనం ఎప్పుడూ దోపిడికి గురైనవాళ్ళమే. ఈ ఒక్కచోట ఆ కథ సరిపోదు.

ఆ వేలమందిలో పేరు మిగిలినవాళ్ళు చాలా తక్కువ. ఒకామెని మాత్రం నేను మరిచిపోలేను. కాగితాల్లో ఆమె పేరు గ్రోటె కాత్రైన్ వాన్ పాలియాకాటె. అంటే పులికాట్ నుంచి వచ్చిన పెద్ద కాత్రైన్. కన్నవాళ్ళు పెట్టిన పేరేమిటో ఎవరూ రాసుకోలేదు. పులికాట్‌ని మనం ప్రళయకావేరి అంటాం. ఆమె తమిళం మాట్లాడేదో తెలుగు మాట్లాడేదో చెప్పడానికి లేదు. బటావియాలో బానిసగా ఉండగా, తనని కొట్టినవాణ్ణి ఎదిరించబోతే వాడు చనిపోయాడు. మరణశిక్ష పడింది. తర్వాత దాన్ని దేశబహిష్కారంగా మార్చి, 1657లో ఆఫ్రికా కొనకి, ఇప్పటి కేప్‌టౌన్‌కి పంపారు. అక్కడ కోటలో డచ్చి అధికారుల బట్టలు ఉతికింది. తర్వాత విడుదలై, బెంగాల్ నుంచి బానిసగా వచ్చి స్వేచ్ఛ పొందిన ఒకతన్ని 1671లో పెళ్ళాడింది. ఆమె కొడుకు సంతతి దక్షిణాఫ్రికాలో స్నైమన్ అనే ఇంటిపేరుతో ఇవాళ్టికీ ఉంది. నల్లవాళ్ళకి దూరంగా ఉండాలని చట్టాలు రాసుకున్న తెల్లవాళ్ళలోని ఒక వంశానికి మూలపుటమ్మ మన ప్రళయకావేరి మనిషి.

ఈసారి దాటెయ్యలేదు. కాలవగట్టు మీద బెంచీ మీద కూర్చుని మా అమ్మాయికి ఇదంతా చెప్పాను. అది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇందాక బట్ట గురించి చెప్పినప్పుడు ఇది కూడా చెప్పి ఉండాల్సింది నాన్నా," అంది. నిజమే. గైడు ముప్పై ఏళ్ళు చేసిన పనినే నేను రెండు గంటలు చేశాను.

నడక చివరి మజిలీ ఔదె హోఖ్‌స్త్రాత్ అనే సన్నటి వీధి. అక్కడ ఈస్టిండియా హౌస్ ఉంది. 1606లో కట్టింది. గుమ్మం దాటితే ఎర్ర ఇటుకల ముంగిలి. ఇప్పుడది విశ్వవిద్యాలయం. కుర్రాళ్ళు సైకిళ్ళు ఆనించి కబుర్లు చెప్పుకుంటున్నారు. ఒకప్పుడు పదిహేడుమంది డైరెక్టర్లు ఇక్కడ సమావేశమై, ఈ ఏడు కోరమాండల్ నుంచి ఎన్ని బేళ్ళ బట్ట, ఏ రంగు, ఏ కొలత కావాలో చీటీ రాసేవాళ్ళు. ఆ పదిహేడుమందిలో ఎనిమిదిమంది ఆమ్‌స్టర్‌డామ్ వాళ్ళే. ఆ చీటీ ఓడెక్కి నెలల తరబడి ప్రయాణం చేసి, చివరికి పాలకొల్లులోనో ద్రాక్షారామంలోనో ఒక సాలెవాడి పడుగు వెడల్పుని నిర్ణయించేది. కంపెనీ 1799 చివరితో ముగిసిపోయింది. దాని కాగితాలు హేగ్ నగరంలోని జాతీయ భాండాగారంలో కిలోమీటరు పైచిలుకు పొడవున బీరువాల్లో ఉన్నాయి. 2003లో వాటిని కూడా యునెస్కో గుర్తించింది. మన ఊళ్ళ పదిహేడో శతాబ్దపు సంగతులు మన భాషలో ఎంత దొరుకుతాయో తెలియదుగాని, వాళ్ళ భాషలో ఆ బీరువాల్లో ఉన్నాయి. అక్కన్న మాదన్నల సంగతి కూడా గోల్కొండలో పనిచేసిన డేనియల్ హావర్ట్ అనే డచ్చివాడు రాసిన పుస్తకంలో ఉంది. అది 1693లో ఈ ఊళ్ళోనే అచ్చయింది.

అందరూ చప్పట్లు కొట్టి వెళ్ళిపోయాక గైడు మా దగ్గరికి వచ్చింది. "మీది ఏ ఊరు?" అంది. మసూలిపట్నం అన్నాను, వాళ్ళ పలుకుబడిలో. ఆవిడకి తెలుసు! "అయితే చెప్పండి, మేం అక్కడ ఉన్న గుర్తులు ఏమైనా మిగిలాయా?" అని అడిగింది.

సమాధానం చెప్పడానికి నోరు రాలేదు. మా ఊళ్ళో వలందపాలెం అని ఒక పేట ఉంది. చిన్నప్పుడు మా నాయనమ్మతో దాని మీదుగా ఎన్నిసార్లు వెళ్ళానో. వలందం అనే పెద్దమనిషి ఎవరో కట్టించిన పేట అనుకునేవాణ్ణి. హాలండ్ అనే పేరు మన నోట్లో ఒలందా, వలందా అయింది. వలందావాళ్ళు ఉన్న పాలెం కనక వలందపాలెం. దాని చుట్టుపక్కలే ఇంగ్లీషుపాలెం, పరాసుపేట. పరాసులంటే ఫ్రెంచివాళ్ళు. నాలుగు వీధుల్లో మూడు యూరపు దేశాలు. పదిహేనేళ్ళు ఆ వీధుల్లో సైకిలు తొక్కి, ఆ పేర్లు ఎందుకొచ్చాయని ఒక్కసారి అడగలేదు. ఈ సంగతి చెబితే ఆవిడ నవ్వి, వలందపాలెం అని రెండుసార్లు పలికి, ఇంగ్లీషు అక్షరాల్లో తన నోటుబుక్కులో రాసుకుంది. "రేపటి నుంచి ఈ ముంగిట్లో ఈ మాట చెబుతాను," అంది. బట్టల సంగతి కూడా వెండి తర్వాత కాకుండా ముందే చెబుతానంది.

సంక్రాంతికి ఇండియా వెళ్ళినప్పుడు మా అమ్మాయి పట్టుబట్టింది. "ఇప్పుడు నువ్వు గైడువి," అంది. గొడుగు కూడా ఇచ్చింది, నల్లది. వలందపాలెంలో మొదలుపెట్టి నడిచాం. బందరుకోటలో డచ్చివాళ్ళ సమాధులున్నాయి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటది. పెద్ద పెద్ద రాతిపలకలు, వాటి మీద వంశచిహ్నాలు, డచ్చి అక్షరాలు. ఒక పలక మీద అక్షరాలు వేలితో తడుముతూ, ఇది చెక్కినవాడికి ఈ భాష వచ్చి ఉంటుందా అని అడిగింది మా అమ్మాయి. వచ్చి ఉండదు. అక్షరాన్ని బొమ్మలాగా చూసి చెక్కి ఉంటాడు. 1795లో ఇంగ్లీషువాళ్ళు డచ్చి స్థావరాలని పట్టుకున్నారు. 1824 ఒప్పందంతో ఇండియాలో మిగిలినవి కూడా వాళ్ళ చేతికొచ్చాయి. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో మా ఊళ్ళోనూ చుట్టుపక్కలా సుమారు ముప్పైవేలమంది పోయారు. రేవు మళ్ళీ కోలుకోలేదు. ఆమ్‌స్టర్‌డామ్‌కి పాత ఇళ్ళు మిగిలాయి. మాకు పేర్లు మిగిలాయి.

మర్నాడు పెడన వెళ్ళాం. బందరు నుంచి దగ్గరే. అక్కడ ఇప్పటికీ టేకు అచ్చులతో కలంకారీ అద్దుతున్నారు. చిరివేరు వాడకం పోయింది, ఎరుపుకి ఇప్పుడు అలిజరిన్. అద్దుతున్న పెద్దాయన్ని, "ఈ బట్ట ఎక్కడికి పోతుంది బాబాయ్?" అని అడిగాను. "ఎక్కడికని చెప్పను బాబూ, షావుకారు పట్టుకుపోతాడు," అన్నాడు. నాలుగువందల ఏళ్ళ కింద పాలకొల్లు సాలెవాణ్ణి అడిగినా ఇదే జవాబు వచ్చేదేమో. మా అమ్మాయి తన ఫోనులో దొరల కాలవ ఫోటో తీసి ఆయనకి చూపించింది. నేను మధ్యలో ఉండి తెలుగులో చెప్పాను. ఇదిగో, ఒకప్పుడు మన బట్ట అమ్మిన డబ్బులో కొంత ఇక్కడికి చేరింది అని. ఆయన ఫోటోని పెద్దది చేసి చూసి, "ఇళ్ళు ముందుకు వంగున్నాయేంటి?" అన్నాడు. మా అమ్మాయే చెప్పింది, వచ్చీరాని తెలుగులో. బరువు పైకి లాగడానికి అలా కట్టారని.

శ్రోతలకి నాదొక విన్నపం. మీలో పాలకొల్లు వాళ్ళు, భీమిలి వాళ్ళు, నరసాపురం వాళ్ళు, నాగులవంచ చుట్టుపక్కల వాళ్ళు తప్పకుండా ఉంటారు. ఈసారి ఊరెళ్ళినప్పుడు పిల్లల్ని తీసుకుని ఒక గంట నడవండి. పేట పేరు ఎందుకొచ్చిందో ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. గర్వపడే సంగతులు దొరుకుతాయి. తలదించుకునే సంగతులూ దొరుకుతాయి. రెండూ చెప్పండి. పిల్లలు తట్టుకోగలరు. మనం దాటేసిందే వాళ్ళకి ముందు తెలిసిపోతుంది.